పదో తరగతి తర్వాత కూడా సైకిలెక్కే పిల్లలు

2019 ఆగస్టులో జర్మనీలో, ఓడర్ నది ఒడ్డున ఉన్న ఫ్రాంక్‌ఫర్ట్ పట్టణంలో జరిగిన జూనియర్ ప్రపంచ ట్రాక్ సైక్లింగ్ పోటీల్లో మన కుర్రాళ్లు టీమ్ స్ప్రింట్‌లో బంగారు పతకం గెలిచారు. ఎసో ఆల్బెన్, రొనాల్డో సింగ్, రోజిత్ సింగ్‌ల జట్టు అది. సైక్లింగ్‌లో భారత్‌కు దక్కిన తొలి ప్రపంచ స్వర్ణం. అంతకు ముందు ఏడాదే స్విట్జర్లాండ్‌లోని ఏగల్‌లో, కార్ నికోబార్ దీవి కుర్రాడైన ఆల్బెన్ కీరిన్ అనే రేసులో రజతం తెచ్చాడు. ఆ తర్వాత టోక్యో, పారిస్ ఒలింపిక్స్ జరిగిపోయాయి. రెండింటిలోనూ సైకిల్ పోటీల్లో మనవాళ్లు ఒక్కరూ లేరు. భారత సైక్లిస్టు ఒలింపిక్స్‌లో చివరిసారి దిగింది 1964లో. 2022లో ఢిల్లీ ఆసియా పోటీల్లో రొనాల్డో సింగ్ సీనియర్ స్ప్రింట్ రజతం గెలిచాడు. అది నిజంగా పెద్ద విజయమే. అయినా పదిహేడేళ్లకు ప్రపంచంలో అందరికన్నా ముందున్నవాళ్ల దేశం పాతికేళ్ల వయసు పోటీలో ఎందుకు వెనకబడుతుందన్న ప్రశ్న అలాగే ఉండిపోయింది.

దీనికి డబ్బు, విదేశీ అనుభవం, యంత్రాలు అని చాలా జవాబులు చెబుతారు. వాటిలో నిజం ఉంది. కానీ జిల్లా స్థాయిలో పిల్లల జట్టును తయారుచేసే కోచ్ చేతిలో అవేవీ ఉండవు. ఆయన చేతిలో ఉన్నది ఒకటే: పన్నెండు, పదమూడేళ్ల పిల్లను ఎలా తొక్కించాలన్నది. విజయవాడలోనో గుడివాడలోనో బందరులోనో సైకిల్ రేసు జట్టు పెట్టేవాళ్లను మనం అడగాల్సింది ఈ ఏడాది ఎన్ని పతకాలొచ్చాయని కాదు. నాలుగేళ్ల కిందట చేరిన పిల్లల్లో ఎంతమంది ఇంకా తొక్కుతున్నారని అడగాలి. ఈ కొలత మారితే శిక్షణ పద్ధతంతా మారుతుంది. కృష్ణా డెల్టాలో అయితే మరీను. ఇక్కడ పిల్లల ఆట ఆగిపోయే చోటు ఏదో అందరికీ తెలుసు. పదో తరగతి పరీక్ష రాసిన వేసవిలో పెట్టె సర్దుకుని ఇంటర్ హాస్టల్‌కి వెళ్లే రోజు అది.

ముందు ఒంటి సంగతి చూద్దాం. పదమూడేళ్ల పిల్లలు ఇరవైమందిని ఒక వరసలో నిలబెడితే కొందరు పెద్దవాళ్ల భుజానికొస్తారు, కొందరు ఇంకా ఆరో తరగతి పిల్లల్లా ఉంటారు. పుట్టిన ఏడాది ఒకటే అయినా ఎదుగుదల ఒకేసారి రాదు. అమ్మాయిలు సాధారణంగా పదకొండు పన్నెండేళ్లకు, అబ్బాయిలు పదమూడు పద్నాలుగేళ్లకు ఒక్కసారిగా పొడవు సాగుతారు. ముందుగా ఎదిగిన పిల్లవాడు పద్నాలుగేళ్ల లోపు పోటీలో అలవోకగా గెలుస్తాడు. దాన్ని మనం ప్రతిభ అనుకుంటాం. ఆలస్యంగా ఎదిగే పిల్లవాడు వరసగా నాలుగు రేసుల్లో ఆఖరున వచ్చి మానేస్తాడు. పద్దెనిమిదేళ్లకు వాడే బలవంతుడయ్యేవాడేమో, తెలుసుకునే అవకాశమే మిగలదు. అందుకే కోచ్ పుస్తకంలో రేసు సమయాలకన్నా ముందు ఉండాల్సిన గడి ఎత్తుది. నెలకోసారి గోడకు నిలబెట్టి కొలిస్తే చాలు, ఖర్చు లేదు. రెండు మూడు నెలల్లో ఎత్తు గబగబా పెరిగిన పిల్లకు సీటు పైకి లేపాలి, దూరం తగ్గించాలి. ఆ వయసులో మోకాలి చిప్ప కింద ఎముక ఇంకా గట్టిపడి ఉండదు. తొడ కండరం దాన్ని పదేపదే లాగితే అక్కడ వాచి నొప్పెడుతుంది. ఆ నొప్పిని ఓర్చుకోమని చెప్పడం శిక్షణ కాదు.

గేర్ల విషయంలోనూ అంతే. పెద్ద గేరు వేసి బరువుగా తొక్కితే చిన్న రేసు గెలవచ్చు, మోకాలు పోతుంది. ప్రపంచ సైక్లింగ్ సమాఖ్య ఏళ్ల తరబడి జూనియర్లకు హద్దు పెట్టింది ఇందుకే: పెడల్ ఒక్కసారి పూర్తిగా తిరిగితే సైకిల్ 7.93 మీటర్లకు మించి ముందుకు పోకూడదు. ముందు 52 పళ్లు, వెనక 14 పళ్లు అన్నమాట. 2023 నుంచి ఆ హద్దు ఎత్తేశారు. ఎత్తేశారు కాబట్టి మనమూ వదిలేద్దామంటే నేను ఒప్పుకోను. ఆ సడలింపు పదిహేడు, పద్దెనిమిదేళ్లవాళ్లకు, అదీ వెనక వైద్యుడు, ఫిజియో ఉన్న జట్లకు పనికొస్తుంది. మన పదమూడేళ్ల పిల్లకు ఆ పాత హద్దే ఎక్కువ. లెక్క వేసి చూడండి. అదే గేరులో నిమిషానికి 90 సార్లు తొక్కితే గంటకు 42 కిలోమీటర్ల పైన పోతుంది. ఆ వేగం అందుకోలేనిది గేరు చిన్నదై కాదు, కాళ్లు ఇంకా చకచకా తిరగడం నేర్చుకోక. తేలిక గేరులో నున్నగా, వేగంగా కాళ్లు తిప్పడం చిన్నప్పుడే అబ్బాలి. బలం తర్వాత దానంతటదే వస్తుంది.

చిన్నప్పటి నుంచీ గట్టిగా తోమితేనే పెద్ద ఆటగాళ్లవుతారన్న నమ్మకం మన దగ్గర బలంగా ఉంది. సైక్లింగ్ చరిత్ర దానికి సాక్ష్యం పలకడం లేదు. పారిస్ ఒలింపిక్స్‌లో రెండు స్వర్ణాలు గెలిచిన బెల్జియం రైడర్ రెమ్కో ఎవెనెపూల్ పదిహేడేళ్ల దాకా ఫుట్‌బాల్ ఆడాడు. టోక్యోలో టైమ్ ట్రయల్ స్వర్ణం గెలిచిన స్లొవేనియా వాడు ప్రిమోష్ రోగ్లిచ్ అంతకు ముందు మంచు కొండల మీంచి దూకే స్కీ జంపర్. వీళ్లు అరుదైనవాళ్లు కదా అనవచ్చు. సరే, ఒక దేశాన్నే తీసుకుందాం. నార్వేలో పిల్లల క్రీడలకు రాసుకున్న నియమాల ప్రకారం పదకొండేళ్ల లోపు పిల్లలకు ర్యాంకుల పట్టికలుండవు, పదమూడేళ్ల లోపు జాతీయ చాంపియన్‌షిప్‌లుండవు. ఆ దేశం 2022 శీతాకాల ఒలింపిక్స్‌లో 16 స్వర్ణాలతో పట్టికలో మొదట నిలిచింది. పోటీ వద్దన్నందుకే గెలిచారని నేననను, వాళ్లకు డబ్బుంది, మంచుంది. కానీ చిన్నప్పుడు పతకాల వెంట పడకపోతే పెద్దయ్యాక వెనకబడతారన్న భయానికి ఆధారం లేదని మాత్రం ఆ అనుభవం చెబుతోంది.

దీనికి బలమైన అభ్యంతరం ఒకటుంది. పతకం లేకపోతే సర్టిఫికెట్ లేదు. సర్టిఫికెట్ లేకపోతే క్రీడా కోటాలో సీటూ ఉద్యోగమూ రావు. అవి రాకపోతే ఏ తల్లిదండ్రులు పిల్లను తెల్లారుజామున లేపి పంపుతారు? కోచ్ జీతం కూడా ఆ కాగితాల మీదే ఆధారపడితే ఆయన మాత్రం ఏం చేస్తాడు? ఇది కొట్టిపారేసే మాట కాదు. కౌలు రైతు కూతురికీ ఆటో నడిపేవాడి కొడుక్కీ క్రీడా కోటా నిజమైన ఆశ. అయితే కోటాలో బరువు తూగేది పద్నాలుగేళ్ల లోపు జిల్లా పతకం కాదు, జూనియర్, సీనియర్ స్థాయిలో సాధించినదే. ఆ వయసు దాకా పిల్ల ఆటలో నిలబడాలి కదా. కాబట్టి సర్టిఫికెట్ కోరే తల్లిదండ్రులకూ, పిల్ల మోకాళ్లు కాపాడాలనుకునే కోచ్‌కూ మధ్య నిజానికి తగాదా లేదు. కూర్చోబెట్టి ఆ సంగతి వివరించడం కోచ్ పనిలో భాగమే.

ఇక నేల సంగతి. డెల్టాలో కొండల్లేవు, ఇక్కడ రేసర్లు ఎలా తయారవుతారని అడుగుతారు. విజయవాడ నుంచి బందరుకు దాదాపు 70 కిలోమీటర్లు. మొత్తం దారిలో నేల దిగేది 20 మీటర్ల అటూ ఇటూ. ఎక్కడం నేర్పడానికి మంగళగిరి కొండా కొండపల్లి గుట్టలూ దగ్గరే ఉన్నాయి గానీ డెల్టా అసలు బలం అది కాదు, గాలి. చదును నేల మీద వేగంగా పోయే రైడర్ శక్తిలో అత్యధిక భాగం గాలిని చీల్చుకుపోవడానికే ఖర్చవుతుంది. వేగం రెట్టింపైతే గాలిని గెలవడానికి కావలసిన శక్తి ఎనిమిది రెట్లవుతుంది. ముందువాడి వెనక చక్రానికి జానెడు దూరంలో అంటిపెట్టుకుని తొక్కితే శ్రమలో నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకా మిగులుతుంది. వీల్ పట్టుకోవడం అని రైడర్లు అనేది దీన్నే. జట్టు రేసంతా ఈ ఒక్క సూత్రం మీద నడుస్తుంది. ఒకడు కాసేపు ముందుండి గాలి మోస్తాడు, పక్కకు తప్పుకుని వెనక్కి జారతాడు, తర్వాతివాడు ముందుకొస్తాడు.

గాలి ఎదురుగా ఉంటే వరస తిన్నగా ఉంటుంది. పక్క నుంచి కొడితే కథ మారుతుంది. జూన్‌లో పడమటి గాలి మొదలైనప్పుడు గుడివాడ నుంచి బందరు వైపు తొక్కేవాళ్లకు అది కుడి పక్క నుంచి తగులుతుంది. అప్పుడు ముందువాడి వెనక దాక్కుంటే లాభం లేదు, వాడికి కొంచెం ఎడమగా, వెనగ్గా ఉండాలి. ఆ తర్వాతివాడు ఇంకొంచెం ఎడమగా. అలా రోడ్డుకు అడ్డంగా ఏటవాలు వరస ఏర్పడుతుంది. రోడ్డు వెడల్పు అయిపోయిన చోట వరస ఆగిపోతుంది, చోటు దొరకనివాళ్లు గాలికి దొరికిపోయి నిమిషాల్లో వెనకబడతారు. కొండలు లేని నెదర్లాండ్స్, బెల్జియం సముద్ర తీరాల్లో రేసులు తేలేది చాలాసార్లు ఇక్కడే. అక్కడి పిల్లలకు ఇది కాలవల పక్క రోడ్ల మీద అబ్బే విద్య. మనకూ అవే కాలవలు, అదే చదును, సాయంత్రమయ్యేసరికి సముద్రం మీంచి వచ్చే గాలి. నేర్పేవాళ్లు కావాలి. గాలిలో తొక్కడం నేర్చుకున్న జట్టులో ఇంకో మేలుంది. బలం తక్కువున్న పిల్లకు కూడా అందులో పనుంటుంది. ఎప్పుడు ముందుకు రావాలో, ఎప్పుడు తప్పుకోవాలో తెలిసిన పిల్ల జట్టుకు అవసరమవుతుంది. అవసరమైన పిల్ల అంత తొందరగా మానేయదు.

వెలోడ్రోమ్ అనే సైకిల్ రేసుల ట్రాక్ లేకుండా ఇదంతా ఎందుకనేవాళ్లున్నారు. 2002 జాతీయ క్రీడల కోసం హైదరాబాద్ ఉస్మానియా విశ్వవిద్యాలయంలో వెలోడ్రోమ్ కట్టారు. విభజన తర్వాత అది పొరుగు రాష్ట్రంలో ఉండిపోయింది. మనకూ ఒకటి రావాలి, అడగాలి. కానీ అది వచ్చేదాకా ఆగడం తప్పు. విజయవాడే దీనికి రుజువు. విలువిద్యలో ఈ ఊరికి పేరొచ్చింది అంతర్జాతీయ స్టేడియం చూసి కాదు. ఓల్గా ఆర్చరీ అకాడమీలో పట్టు వదలకుండా నేర్పినవాళ్ల వల్ల. అక్కడి కోచ్ చెరుకూరి లెనిన్ 2010లో రోడ్డు ప్రమాదంలో చనిపోయాడు. అయినా ఈ ఊళ్లోనే పెరిగిన వెన్నం జ్యోతి సురేఖ 2023 హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు గెలిచింది. విలువిద్య వేరు, సైక్లింగ్ వేరు, నిజమే. అయినా ముందు మనుషులు కుదిరితే సౌకర్యాలు వెనక నుంచి వస్తాయన్నది ఈ ఊరికి తెలిసిన విషయం.

నాకు అన్నిటికన్నా కష్టంగా తోచే అభ్యంతరం రోడ్డు. జాతీయ రహదారుల మీద లారీల పక్కన పిల్లలను తొక్కించడం ఏ పతకం కోసమైనా ఒప్పుకోకూడనిది. కరకట్ట మీదికి పోదామంటే సర్కారు తుమ్మ ముళ్లు, మలుపు చాటు నుంచి వచ్చే ట్రాక్టర్లు. పల్లె రోడ్ల సంగతి ఇంకొకటి. కోతలయ్యాక నవంబరు నుంచి సంక్రాంతి దాకా సగం రోడ్డు మీద బరకాలు పరిచి ధాన్యం ఆరబోసి, అంచున వరసగా రాళ్లు పెడతారు. తెల్లవారుజామున మంచు కమ్మినప్పుడు ఆ బరకాలు పది గజాల దాకా కనిపించవు. సన్నటి టైరు గింజల మీదికెక్కితే నిలబడదు, రైతు గింజలూ పాడవుతాయి. మరి ఎండాకాలమో? మన వేసవి శిక్షణ శిబిరాలన్నీ ఏప్రిల్, మే నెలల్లో పెడతారు, సెలవులు అప్పుడే కాబట్టి. 2015 మే వడగాడ్పులకు ఆంధ్రప్రదేశ్‌లో వెయ్యిమందికి పైగా చనిపోయారు. పిల్లల ఒళ్లు పెద్దవాళ్లంతగా చెమట పట్టదు, త్వరగా వేడెక్కుతుంది. రోడ్డు సైక్లింగ్‌కు ఆ నెలలు పనికిరావు. ఎండ దిగిన అక్టోబరు నుంచి కోతల ముందు దాకా, మళ్లీ సంక్రాంతి నుంచి మార్చి దాకా అసలు శిక్షణ పెట్టుకుని, వేసవిలో నీడపట్టున కాళ్లు చకచకా తిప్పే సాధనతోనూ సైకిల్ విప్పి బిగించడంతోనూ సరిపెట్టాలి.

రోడ్డు కోసం అడగాల్సింది పెద్ద కోరికేమీ కాదు. అమరావతి ప్రాంతంలో వేసిన వెడల్పు రోడ్లలో ఒక ముక్కను ప్రతి ఆదివారం ఉదయం అయిదున్నర నుంచి ఏడున్నర దాకా వాహనాలకు మూస్తే చాలు. ముందొక మోటార్‌సైకిల్, వెనకొక వ్యాను, పిల్లలందరికీ హెల్మెట్లు. ఏటవాలు వరస కట్టడం అక్కడే నేర్పాలి, తెరిచి ఉన్న రోడ్డు మీద ఎప్పుడూ కాదు. తక్కిన రోజుల్లో కాలేజీ మైదానంలో శంకువులు పెట్టి మలుపులు, బ్రేకులు, భుజం భుజం తగిలినా పడకుండా తొక్కడం నేర్పవచ్చు. అమ్మాయిలు దీనివల్ల ఎక్కువ లాభపడతారు. ప్రభుత్వ బడుల్లో కొన్నేళ్ల కిందట ‘బడికొస్తా’ పథకం కింద ఎనిమిది, తొమ్మిది తరగతుల అమ్మాయిలకు సైకిళ్లిచ్చారు. పల్లెల్లో రోజూ తొక్కే కాళ్లకు కొదవలేదు. చీకట్లో ఒంటరిగా రోడ్డు మీదికి పంపడానికే ఇంట్లో ఒప్పుకోరు. గేటున్న మైదానం, తెలిసిన మహిళా కోచ్, తిరిగి వచ్చే వేళ ఖాయంగా తెలియడం ఉంటే ఒప్పుకుంటారు.

మిగిలింది ఇంటర్. బెజవాడ కార్పొరేట్ కాలేజీల హాస్టళ్లలో స్టడీ అవర్ తెల్లవారుజామునే మొదలవుతుంది, రాత్రి పదింటికి ముగుస్తుంది. ఇంజినీరింగ్, మెడిసిన్ సీటు కోరుకునే కుటుంబాన్ని తప్పుపట్టలేం. కానీ అక్కడ చేరిన పిల్ల పూర్తిగా సైకిల్ మానేయాల్సిన పని లేదు. వారానికి నాలుగు రోజులు, రోజుకు గంట చొప్పున తొక్కితే నేర్చుకున్నది నిలుస్తుంది. రెండేళ్ల తర్వాత మళ్లీ పెంచుకోవచ్చు. జిల్లా క్రీడాధికారులు జూనియర్ కాలేజీలతో కూర్చుని ఈ గంటను రాతపూర్వకంగా ఒప్పించాలి, హాజరులో లెక్క వేయించాలి. కర్ణాటకలో విజయపుర, బాగల్‌కోట్ రైతు కుటుంబాల పిల్లలకు సైక్లింగ్ కోసమే ప్రభుత్వ క్రీడా హాస్టళ్లున్నాయి. చదువూ సాధనా ఒకే కప్పు కింద జరుగుతాయి. అలాంటిది గుడివాడలోనో బందరులోనో ఒకటి పెడితే డెల్టా పిల్లలకు పదో తరగతి తర్వాత రెండో దారి దొరుకుతుంది. అది పెట్టేదాకా కోచ్‌లు తమ రిజిస్టరులో ఒక గడి అదనంగా గీసుకోవాలి. అందులో ప్రతి పిల్ల పేరు ఎదురుగా టెన్త్ ఏ ఏడాది అయిందో, ఆ తర్వాత ఎక్కడ చేరిందో, ఇప్పుడు తొక్కుతోందో లేదో రాయాలి. జిల్లా సంఘానికి ఏటా నివేదిక పంపేటప్పుడు పతకాల పట్టికతో పాటు ఆ గడినీ పంపాలి.