త్రుప్పు పట్టని యుక్కు: చేయించుకొనునపుడు తెలియవలసిన సంగతులు



స్టీలు పాత్ర లేని వంటయిల్లు నేడు మన దేశమున నరుదు. పాత్రలు అంగడిలో సిద్ధముగా దొరకును. చూచి, తట్టి, తూచి కొనుచున్నాము. కాని మెట్ల రెయిలింగు, కిటికీ యూచలు, వంటగట్టు పలక, గిన్నెల స్టాండు మొదలగునవి మన యింటి కొలతలను బట్టి పనివానిచేత చేయించుకొనవలసినవి. అట్టి వానిని చేయించుకొనునపుడు ఏమి యడుగవలెనో తెలియక మేము పడిన కష్టమును, పిమ్మట నేను తెలిసికొనిన సంగతులను మీకు విన్నవించుటకే యీ వ్యాసము వ్రాయుచున్నాను.

మేము కాకినాడలో సముద్రపు గాలి తగులు వీధిని కాపురముండువారము. మా యత్తగారికి మోకాళ్ల నొప్పులు. పెరటి మెట్లు దిగుటకు ఆమెకు ఊతముగా నుండునని మావారు ఉపాధ్యాయుని జీతములో కొంచెము కొంచెము మిగిల్చి స్టీలు రెయిలింగు పెట్టించిరి. పనివాడు అయస్కాంతమును కడ్డీకి ఆనించి, "చూడండమ్మా, అంటుకోలేదు, ఇది అసలు సిసలు స్టీలు" అనెను. మేము నమ్మితిమి.

రెండవ వానకాలము గడచునప్పటికి అతుకుల చుట్టును ఎఱ్ఱని మరకలు తేలెను. ఇనుపపీచుతో తోమితిని, పోయినట్లే పోయి మరల వచ్చెను. ఒకనాటి యుదయమున అత్తగారు కడ్డీ పట్టుకొని దిగుచుండగా అడుగున నున్న యతుకు విడిపోయి, కడ్డీ ఆమె చేతిలోనే యొరిగెను. నేను తులసికోట యొద్దనుండి పరుగెత్తి పట్టుకొంటిని గనుక ఆమె పడలేదు. త్రుప్పు పట్టని యుక్కునకు త్రుప్పు ఎట్లు పట్టెనని ఆనాడు పుట్టిన సందేహమే నాచేత ఇంత చదివించినది.

ఉక్కులో నూటికి 10.5 పాళ్లకు తగ్గకుండ క్రోమియమను లోహము చేరినయెడల అది స్టెయిన్‌లెస్ స్టీలగును. 1913వ సంవత్సరమున ఇంగ్లండులోని షెఫీల్డు నగరమున హారీ బ్రేర్లీ యనునతడు, త్వరగా నరిగిపోని తుపాకి గొట్టములకై లోహమును వెదకుచు అట్టి యుక్కును పోతపోసెను. అది త్రుప్పునకు లొంగకుండుట చూచి, భోజనపు కత్తులకు మిక్కిలి యుపయోగించునని గ్రహించెను. ఇంచుమించుగా ఆ కాలముననే జర్మనీలోని క్రుప్ కర్మాగారమున క్రోమియముతో నికెలును చేర్చిన యుక్కు పుట్టెను. మన మేలురకపు పాత్రల యుక్కు ఈ వంశములోనిదే.

క్రోమియము గాలిలోని ప్రాణవాయువుతో కలిసి, కంటికి కనబడనంత పలుచని పొరయై, ఉక్కును కప్పియుండును. ఇది కర్ణుని సహజ కవచము వంటిది. అయితే కర్ణుడు కోసి యిచ్చిన కవచము మరల రాలేదు. ఈ యుక్కు కవచమో, గీత పడినను గాలి తగులగానే తనంతట తాను పుట్టును. దీనిని హరించుటకు వచ్చు యాచకులు మాత్రము ఇద్దరు గలరు: ఒకటి ఉప్పు, రెండవది వెల్డింగు వేడి.

ఉప్పు సంగతి మొదట చెప్పెదను. స్టీలులో గ్రేడులని జాతిభేదములు గలవు. 304 అనుదానిలో నూటికి సుమారు 18 పాళ్లు క్రోమియము, 8 పాళ్లు నికెలు నుండును. వంటగట్టునకు, పాలగిన్నెకు ఇది చాలును. 316 అనుదానిలో వీనితోపాటు 2 మొదలు 3 పాళ్లు మాలిబ్డినము చేరుటచే ఉప్పుగాలికి మిక్కిలి యోర్చును, వెలయు హెచ్చే. 202 అనుదానిలో నికెలు తగ్గించి మాంగనీసు చేర్తురు, కనుక చవుక. లోపలి గదులలో కొంతకాలము బాగుగనే యుండునుగాని సముద్రతీరమున ఆరుబయట నిలువదు. ఈ మూడింటికిని సాధారణముగ అయస్కాంతమంటదు. పైగా మంచి 304 కూడ వంచినచోట కొంచెముగా నంటవచ్చును. కావున అయస్కాంతపు పరీక్ష ఈ జాతులను వేరుపరుపజాలదు. మా కడ్డీ ముక్కను లోహపరీక్ష చేయించగా అది 202 అని తేలెను.

ఇక వెల్డింగు. ఉక్కు 450 మొదలు 850 డిగ్రీల సెంటిగ్రేడు వేడిలో నిలిచినయెడల, అందలి కర్బనము క్రోమియమును తనవైపు లాగికొనును. ఆచోట కవచము కట్టుటకు క్రోమియము చాలదు. అందుచే అతుకులకు కర్బనము 0.03 పాళ్లకు మించని 304ఎల్, 316ఎల్ అను రకములు మేలు. అతుకు ప్రక్కన నీలి, గోధుమరంగు చారలు కనబడును. అవి వేడికి చెడిన పొర. వానిని పనివాడు తగిన మందుతో శుభ్రపరిచి యియ్యవలెను. ఆ మందు ఘాటైన ఆమ్లము గనుక మనము ముట్టరాదు. ఇనుమును సానపట్టిన చక్రముతోనే స్టీలును సానపట్టిన, ఇనుపరజను అంటుకొని త్రుప్పు లేచును. ఇనుపపీచుతో తోమి నేను చేసిన తప్పును ఇట్టిదే.

కావున పని యొప్పగించు నాడే గ్రేడు, మందము, అతుకు విధము కాగితముమీద వ్రాయించుకొనుడు. ఆర్గాన్ వెల్డింగు చేయవలెననియు, బిగించు బోల్టులు సయితము స్టీలువే కావలెననియు చెప్పుడు. మందమును తూకముచే కనిపెట్టవచ్చును. ఒక చదరపు మీటరు వైశాల్యము, ఒక మిల్లీమీటరు మందము గల పలక సుమారు 8 కిలోలు తూగును. రెండు మీటర్ల పొడవు, 60 సెంటీమీటర్ల వెడల్పు గల వంటగట్టు పలక మిల్లీమీటరు మందము గలదైన సుమారు 9.5 కిలోలుండవలెను, ఏడున్నర కిలోలే తూగినచో మందము 0.8 మాత్రమే.

ఇంటికి వచ్చిన పిమ్మట పోషణ మనదే. ఉప్పు, చింతపండు పులుసు పలకమీద నెండనీయక కడిగి తుడువుడు. చల్లని నీటిలో ఉప్పు వేసి గిన్నె యడుగున కరుగక నిలువనిచ్చిన చిన్నచిన్న గుంటలు పడును. నీరు మరగిన పిమ్మట వేసి కలుపుడు. బ్లీచింగు నీటిని స్టీలుపై నిలువనీయకుడు.

మేము పెరటి రెయిలింగును మాత్రము 316తో మరల చేయించితిమి. వంటయింటి స్టాండునకు 304 చాలుననుకొంటిమి. వెల్డింగు జరుగుచున్నంతసేపును నేను అరుగుమీద కూర్చుండి, చారలు పోవువరకు పనివానిని పోనీయలేదు. అత్తగారు మొదట రెండుసార్లు కడ్డీని ఊపి చూచి గాని అడుగు వేయలేదు. ఇప్పుడు నిర్భయముగా దిగుచున్నారు. శనివారము శనివారము దానిని మంచినీటితో కడిగి తుడుచుట నా వంతు. 316 అయినను సముద్రపు టుప్పును మీద పేరుకొననిచ్చిన మరక పడకపోదు.

లోహపు పనులు పురుషుల వ్యవహారమని మనలో ననేకులు ఊరకుందురు. కాని ఆ కడ్డీని పట్టుకొని దిగువారు మన యింటి వృద్ధులు, మన బిడ్డలు. అడుగుటకు సిగ్గుపడకుడు.