మెట్ట జిల్లాల నుంచి సముద్ర మత్స్య పరిశోధనకు: దరఖాస్తులో గమనించవలసిన అంశాలు

తెలంగాణకు సముద్రతీరం లేదు. అందువలన సముద్ర మత్స్య పరిశోధన ఉద్యోగాలు తీరప్రాంతం వారికే పరిమితమని భావించి, నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంత విద్యార్థులు పలువురు దరఖాస్తు చేయడానికే వెనుకాడుతుంటారు. ఈ భావన సరికాదు. ఉపగ్రహాలు అందించే సముద్ర ఉపరితల ఉష్ణోగ్రత, పత్రహరితం వివరాల ఆధారంగా చేపలు లభించే ప్రాంతాలను మత్స్యకారులకు తెలియజేసే ఇన్‌కాయిస్ సంస్థ 1999లో హైదరాబాదులోనే ఏర్పడింది.

విద్యార్హతలు

ఇంటర్మీడియట్ బైపీసీ తరువాత నాలుగేళ్ల బి.ఎఫ్.ఎస్‌సి. ప్రధాన మార్గం. పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లాలోని పెబ్బేరులో మత్స్య కళాశాల ఉన్నది. పీజీ స్థాయిలో మత్స్య వనరుల యాజమాన్యం, జల పర్యావరణం వంటి విభాగాలు సముద్ర పరిశోధనకు చేరువగా ఉంటాయి. ముంబైలోని కేంద్రీయ మత్స్య విద్యా సంస్థ ఇందుకు ప్రసిద్ధి చెందినది. 1947లో ఏర్పడి, ప్రస్తుతం కొచ్చి కేంద్రంగా పనిచేస్తున్న కేంద్రీయ సముద్ర మత్స్య పరిశోధన సంస్థకు విశాఖపట్నంలో ప్రాంతీయ కేంద్రం ఉన్నది.

స్థానిక అనుభవమే బలం

నీలకంఠ రొయ్య మంచినీటిలో పెరిగినా, దాని లార్వాలు ఎదగడానికి ఉప్పు కలిసిన నీరు తప్పనిసరి. తల్లి రొయ్యలు నదీముఖానికి చేరాలి. పిల్లలు తిరిగి ఎగువకు రావాలి. కృష్ణానదిపై నాగార్జునసాగర్ వంటి ఆనకట్టలు ఈ రాకపోకలకు అడ్డుగా నిలిచాయి. కనుక జలాశయాలలో ఈ రొయ్య ఉండాలంటే హేచరీల నుంచి పిల్లలను తెచ్చి వదలవలసి వస్తున్నది. ఎగువన నీటిని, ఒండ్రును నిలిపినప్పుడు దిగువ నదీముఖ జీవావరణంలోనూ మార్పు వస్తుంది. జూరాల లేదా సాగర్ వద్ద చేపల వేటను గమనించిన విద్యార్థి ఈ సంబంధాన్ని తన పరిశోధన ప్రశ్నగా మలచుకోవచ్చు.

దరఖాస్తు రచన

‘సముద్రమంటే ఆసక్తి’ అన్న వాక్యం ఎంపిక సంఘాన్ని ఒప్పించదు. ఏ జాతిని, ఎన్ని నెలలు, ఏ పద్ధతిలో పరిశీలించారో, పొడవు–బరువు వివరాలను ఎలా విశ్లేషించారో స్పష్టంగా రాయాలి. తీరంలో దిగే చేపల పరిమాణాన్ని స్తరీకృత బహుళ దశల యాదృచ్ఛిక నమూనా పద్ధతిలో అంచనా వేస్తారు. పంటకోత ప్రయోగాలకూ ఇదే మూలసూత్రం కనుక, వ్యవసాయ గణాంక శాస్త్ర పరిజ్ఞానాన్ని తప్పక పేర్కొనాలి. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు యాంత్రిక పడవల వేటపై నిషేధం ఉంటుంది. నమూనాల సేకరణ ప్రణాళికలో ఈ 61 రోజులను లెక్కలోకి తీసుకోవాలి.

యంగ్ ప్రొఫెషనల్, జూనియర్ రీసెర్చ్ ఫెలో కొలువులు తాత్కాలికమైనవి, ప్రాజెక్టుతోనే ముగుస్తాయి. కుటుంబ ఆర్థిక పరిస్థితిని బట్టి నిర్ణయించుకోవాలి. అయితే క్షేత్రానుభవానికి, పీహెచ్‌డీ అంశం ఎంపికకు ఇవి తోడ్పడతాయి.

విస్తరణ శాస్త్రవేత్తలు విద్యార్థులను మత్స్య సహకార సంఘాలతో అనుసంధానించి, ఏడాదిపాటు వేట వివరాలను నమోదు చేయించగలిగితే, ఆ నమోదు పుస్తకమే దరఖాస్తుకు గట్టి ఆధారమవుతుంది.