కొల్లేటి సీమలో శరద్దర్శనం

గత ఆశ్వయుజ మాసంలో ఒకనాటి సాయంకాలం హారతి ముగిసిన పిమ్మట, ఏళ్ల తరబడి మా ఆలయానికి వస్తున్న ఒక పెద్ద ముత్తైదువ తీర్థం పుచ్చుకొని కదలక నిలబడ్డారు. అమెరికాలో ఉన్న కుమారుడు పంపిన ఛాయాచిత్రాలను సెల్‌ఫోనులో నాకు చూపించారు. కొండల నిండా చెట్లు. కొన్ని కుంకుమ రాశులవలె, కొన్ని పసుపు ముద్దలవలె ఉన్నాయి. పచ్చని ఆకు వెదికినా కనబడలేదు. అక్కడివారు సెలవునాడు కార్లలో బయలుదేరి, ఆ చెట్ల నడుమ రోజంతా తిరిగి, చీకటి పడేసరికి ఇల్లు చేరుకుంటారట. "పంతులుగారూ! వాడు నన్ను రమ్మంటున్నాడు. ఈ వయసులో అంత దూరం పోలేను. మన ఏలూరు చుట్టుపక్కల ఇలా చూడదగ్గది ఏమైనా ఉందాండీ?" అని అడిగారు.

"ఉన్నదమ్మా. అయితే అది చెట్ల మీద కనబడదు" అన్నాను. గుడి తలుపులు వేసే వేళ కావడం వల్ల అంతకు మించి చెప్పలేకపోయాను. మిగిలిన ఆ జవాబును పాఠక మహాశయులకు నేడు విన్నవించుకుంటున్నాను.

ఆకు రాలే కాలం మనకు వేరు

శీతల దేశాలలో పగటి పొద్దు తగ్గుతున్నకొద్దీ చెట్టు రాబోయే మంచుకాలానికి సిద్ధపడుతుంది. ఆకులలోని పత్రహరితం క్షీణించగా, అంతవరకు దాని చాటున దాగి ఉన్న పసుపు వన్నె బయటపడుతుంది. మేపుల్ వంటి వృక్షాలలో ఎరుపు వన్నె ఆ రోజులలోనే కొత్తగా పుడుతుంది. పిదప ఆకు రాలిపోతుంది. గడ్డకట్టే చలిలో ఆకులను పోషించడం చెట్టుకు భారం గనుక వాటిని విడిచిపెడుతుంది.

మన దేశంలో చెట్టుకు చలి భయం లేదు. దానికి ఉన్నది నీటి ఎద్దడి భయం. అందువల్ల మన అడవులలో ఆకురాలు కాలం శిశిరంలో, మాఘ ఫాల్గుణాలలో వస్తుంది. పాపికొండల టేకు చెట్లు అప్పుడే మోడువారుతాయి. మోదుగ ఆకులన్నీ రాల్చి ఎర్రని పూలు పూసేదీ అప్పుడే. ఆశ్వయుజ కార్తీకాలలో మన నేల నిండుకుండ. వేళ్లకు నీరు పుష్కలంగా అందుతున్నప్పుడు ఏ చెట్టు ఆకు విడుస్తుంది? కనుక మన శరత్తును అక్కడి కొలతతో కొలిచి, మనకేమీ లేదని చిన్నబుచ్చుకోవలసిన పని లేదు.

మన పెద్దలు శరత్తును నీటిలోను, ఆకాశంలోను చూశారు. అగస్త్య నక్షత్రం ఉదయించగానే వర్షాకాలపు బురదనీరు తేరుకుంటుందని సంప్రదాయం. ఏటి ఒడ్డున రెల్లు పూస్తుంది. మబ్బు తెల్లబడుతుంది. వాల్మీకి మహర్షి కిష్కింధాకాండలో వానలు వెలిసిన శరత్కాలాన్ని శ్రీరామచంద్రుని నోట వర్ణింపజేశాడు. కాళిదాసు ఋతుసంహారంలో మూడవ సర్గను శరత్తుకే కేటాయించాడు. వైదిక ఋషులు దీర్ఘాయువును ప్రార్థించినప్పుడు నూరు శరత్తులు కావాలని అడిగారు. సంవత్సరాన్ని శరత్తు పేరుతో లెక్కించారంటే ఈ ఋతువుకు వారిచ్చిన స్థానం ఎంతటిదో గ్రహించవచ్చు.

మన సీమకు ఇందులో మరింత చుట్టరికం ఉన్నది. ఏలూరుకు చేరువలోని పెదవేగియే నాటి వేంగి. ఆ పేరుతో ప్రసిద్ధులైన వేంగీ చాళుక్యుల వంశంలోని వాడే రాజరాజనరేంద్రుడు. ఆయన కోరికపై ఆంధ్ర మహాభారతాన్ని ఆరంభించిన నన్నయ భట్టారకుని గంటం అరణ్యపర్వంలో ఆగిపోయింది. ఆగిన చోట ఆయన వర్ణిస్తున్నది శరత్కాలపు రాత్రినే. ఆదికవి కడపటి పద్యం శరత్తు గురించే కావడం తెలుగువారు మరువరాని విషయం.

రంగు మారే ఆకు ఒకటి ఉన్నది

ఇక ప్రయాణానికి వద్దాం. మొదటి త్రోవ తాడేపల్లిగూడెం నుండి పిప్పర మీదుగా భీమవరానికి. కార్తీక మాసంలో సోమవారం తప్ప మరే రోజైనా, తెల్లవారుజామున బయలుదేరండి. సోమవారం నాడు భక్తుల రద్దీలో త్రోవను చూసే తీరిక ఉండదు.

ఇరువైపులా సార్వా చేలు. ఆశ్వయుజం మొదట్లో చిక్కని ఆకుపచ్చ. వెన్ను బరువెక్కేకొద్దీ ఆకుపచ్చలో పసుపు కలుస్తుంది. కార్తీకం ముగిసేనాటికి చేను చేనంతా బంగారం. ఆ ముత్తైదువ అడిగిన రంగు మారే ఆకు ఇదే. ఇది మన కంచంలోకి అన్నమై వచ్చే ఆకు. ఈ జిల్లాలోని మారుటేరు పరిశోధన కేంద్రంలో రూపుదిద్దుకొని 1982లో విడుదలైన వరి వంగడానికి 'స్వర్ణ' అని పేరు. అది ఇంచుమించు ఐదు నెలల పంట. మన రాష్ట్రం ఎల్లలు దాటి ఇతర రాష్ట్రాలలోనూ కోట్లమంది ఆకలి తీర్చిన గింజ అది. అన్నమే బ్రహ్మమని తైత్తిరీయోపనిషత్తు చెప్పిన మాటను నమ్మినవారికి ఆ చేను గట్టున నిలబడి నమస్కరించడం కూడా ఒక దర్శనమే. ఆ పసుపు చూసి మురిసే ముందు, ఆ వేళకు తుపాను రాకూడదని గుండె చేతపట్టుకొని ఉన్న రైతును కూడా తలచుకోండి.

భీమవరం గునుపూడిలోని సోమేశ్వరస్వామి ఆలయం పంచారామాలలో ఒకటైన సోమారామం. చంద్రుడు ప్రతిష్ఠించిన ఈ లింగం పౌర్ణమికి శ్వేతవర్ణంతో ప్రకాశిస్తుందని, అమావాస్య నాటికి ఛాయ మారుతుందని భక్తుల విశ్వాసం. వర్ణం మారే దృశ్యం కోసం ప్రయాణం చేసేవారికి ఇంతకంటె తగిన క్షేత్రం ఏది? శివలింగానికి పై అంతస్తులో అన్నపూర్ణాదేవి కొలువై ఉన్నది. త్రోవ పొడవునా పండిన చేలు చూసి వచ్చి, ఆ తల్లి ముందు నిలబడినప్పుడు ఆమె పేరుకు అర్థం కొత్తగా తెలుస్తుంది. ఓపిక ఉన్నవారు పాలకొల్లు క్షీరారామాన్ని కూడా సేవించుకొని సాయంత్రానికి తిరిగి రావచ్చు.

పెద్దింటి అమ్మ, పెద్ద సరస్సు

రెండవ త్రోవ ఏలూరు నుండి కైకలూరు వైపు. కృష్ణా గోదావరుల కాలువలు కలుసుకొనే ఊరు ఏలూరు. ఆ రెండు నదుల డెల్టాల నడుమ పల్లంలో ఏర్పడిన మంచినీటి సరస్సు కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు వంటి ఏరులు దీనిలో కలుస్తాయి. ఇన్ని నీళ్లు వచ్చినా, సముద్రానికి పోయే దారి మాత్రం ఉప్పుటేరు ఒక్కటే.

పెదఎడ్లగాడి వంతెన వద్ద నీటి వెడల్పు చూస్తే సరస్సు ఎంతటిదో అర్థమవుతుంది. కిక్కిస పొదలు, కలువలు, తామరలు, నీటి మీద తేలుతున్న తెల్లని మబ్బుల నీడలు. వానాకాలంలో ఇవేవీ ఇంత స్పష్టంగా కనబడవు.

కొల్లేటికోటలో వెలసిన తల్లి పెద్దింట్లమ్మ. జలదుర్గ అని కూడా భక్తులు కొలుస్తారు. నా బాల్యంలో మా తండ్రిగారి వెంట తాటిదోనెలో వెళ్లాను. దోనె కదిలితే భయపడి ఆయన ఉత్తరీయం పట్టుకున్నాను. "నీటిలో ఉన్నది కూడా అమ్మేరా, భయమెందుకు?" అన్నారాయన. నేడు కైకలూరు మీదుగా వాహనాలలో వెళ్లవచ్చు. ఫాల్గుణ మాసపు జాతరలో జనసముద్రంగా ఉండే ఆ కోవెల శరత్తులో ప్రశాంతంగా ఉంటుంది.

ఆ చోటికి ఒక ఐతిహ్యం ఉన్నది. గజపతుల కాలంలో అక్కడ జలదుర్గంగా ఒక కోట ఉండేదట. నీటి మధ్య ఉన్న దానిని జయించలేక, శత్రువులు సరస్సు నీటిని సముద్రంలోకి తీసివేయడానికి కాలువ తవ్వించారట. అదే ఉప్పుటేరు అని పెద్దలు చెబుతారు. చరిత్రగా దీని నిజానిజాలు ఎలా ఉన్నా, కథలోని హెచ్చరికను గమనించండి. నీరు ఉన్నంత కాలం కోట నిలిచింది. నీటిని తీసివేయడమే దానిపై ప్రయోగించిన ఆయుధమైంది.

కైకలూరుకు ఆనుకొని ఉన్న ఆటపాకలో పక్షుల విడిది. శరత్తు రాగానే గూడబాతులు అక్కడికి చేరి గూళ్లు కట్టుకుంటాయి. అటవీశాఖవారు నీటిలో నిలిపిన ఇనుప మంచెల మీద కూడా అవి సంసారం చేస్తాయి. ఇవి సైబీరియా నుండి వస్తాయని చాలామంది అనుకుంటారు. గూడబాతు మన దక్షిణాసియా పక్షియే. ఉత్తరాది శీతల దేశాల నుండి హిమాలయాలను దాటి వచ్చేవి సూదితోక బాతు వంటి ఇతర జాతులు. పుట్టింటికి వచ్చిన ఆడపడుచు గూడబాతు అయితే, దూరదేశపు అతిథి సూదితోక బాతు. ఇద్దరికీ మర్యాద చేయవలసినవారమే.

ఆడపడుచు అలిగి వెళ్లిపోయిన ఉదంతం కూడా మన జిల్లాలోనే ఉన్నది. ప్రసిద్ధ పక్షిశాస్త్రజ్ఞుడు కె.కె. నీలకంఠన్ 1946లో పశ్చిమ గోదావరిలోని ఆరేడు గ్రామంలో గూడబాతుల పెద్ద స్థావరాన్ని గుర్తించి, దానిని గురించి లోకానికి తెలియజేశారు. ఊరి చెట్ల మీద, మనుషుల నడుమనే అవి గూళ్లు పెట్టేవి. తరువాతి కాలంలో ఆ స్థావరం చెదిరిపోయింది.

నా వల్ల జరిగిన తప్పు

ఇంతవరకు చెప్పి ఊరుకుంటే ఇది కేవలం విహారయాత్ర అవుతుంది. నా మనసులోని బరువు కూడా చెప్పుకోవాలి.

కొన్నేళ్ల క్రితం కార్తీక పౌర్ణమినాడు మా ఊరి కాలువ ఒడ్డున దీపాలు వదిలించాను. అరటి దొప్పలు చాలకపోతే కొందరు అంగడి నుండి థర్మోకోల్ దొన్నెలు తెచ్చారు. పర్వదినాన ఎవరి మనసూ నొప్పించడమెందుకని నేను కాదనలేదు. సంకల్పం నేనే చెప్పాను. మర్నాటి ఉదయం స్నానానికి వెళ్లేసరికి రెల్లు మొదళ్ల వద్ద ఆ తెల్లని దొన్నెలు గుట్టగా చిక్కుకొని ఉన్నాయి. ఒక నీటికోడి ఆహారమనుకొని ఆ ముక్కను పొడుస్తున్నది. నేను చెప్పిన మంత్రం దీపానికి చెందింది. నేను ఊరుకున్న మౌనం ఆ చెత్తకు చెందింది. కాలువ నీరు చేలకు పోయి, మురుగు కోడుల గుండా కొల్లేరు చేరుతుంది. ఆ అమ్మ ఒడిలోకి నేను పంపిన నైవేద్యం అదీ!

కొల్లేటికి మన రక్షణ ఎంత అవసరమో గత పాతికేళ్లు చెబుతున్నాయి. 1999లో ఐదవ కాంటూరు వరకు, అంటే సుమారు 308 చదరపు కిలోమీటర్ల మేర, దీనిని అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడినేలగా గుర్తింపు వచ్చింది. సరస్సును ఆక్రమించిన చేపల చెరువుల గట్లను 2006లో తొలగించారు. అయినా ఆక్రమణల సమస్య తీరలేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడను ముంచిన నీరు ఇటే వచ్చింది. లంక గ్రామాలు నీట చిక్కుకున్నాయి, కైకలూరు రోడ్డు మునిగింది. చెరువుల మీద బ్రతికే కుటుంబాల కష్టసుఖాలు నాకు తెలియనివి కావు. తగవు తీర్చవలసినది ప్రభుత్వమూ, న్యాయస్థానాలూ. యాత్రికులుగా మన చేతిలో ఉన్నది మనం చేద్దాం.

వనభోజనానికి విస్తరాకో అరటి ఆకో వాడండి. ఉసిరి చెట్టు కింద కూర్చున్నవారు లేచేటప్పుడు ఆ నేల మీరు వచ్చినప్పటికంటె శుభ్రంగా ఉండాలి. దీపానికి అరటి దొప్ప దొరకకపోతే గుడిలో ఆకాశదీపానికి నూనె సమర్పించండి, ఫలం తక్కువ కాదు. ఆటపాకలో మైకులు, బాణసంచా వద్దు. గూటిలో పిల్లలున్న తల్లి ముందు పాటించే మౌనం కూడా జపమే. ప్లాస్టిక్ సంచిని ఇంటికి తిరిగి తీసుకువెళ్లండి. నాటి పిమ్మట నేను కూడా థర్మోకోల్ దొన్నె కనబడితే సంకల్పం చెప్పడం మానేశాను. మొదటి ఏడాది ఇద్దరు ముగ్గురు కోపగించుకున్నారు. మరుసటి ఏడు వారే ఇంటి పెరటి నుండి దొప్పలు కోసుకొచ్చారు.

ఈ కార్తీకంలో ఆ ముత్తైదువను వారి కుటుంబసభ్యులు కొల్లేటికోటకు తీసుకువెళ్లారు. తిరిగి వచ్చాక నాకు ఫోనులో ఒక చిత్రం చూపించారు. పసుపుపచ్చని చేను, దాని వెనుక నీరు, నీటి మీద గూడబాతుల బారు. "మా అబ్బాయికి పంపానండీ. వచ్చే ఏడు శరత్తుకు వాడినే ఇటు రమ్మన్నాను" అన్నారు.

అతడు వచ్చేనాటికి ఆ నీరు, ఆ పక్షి, ఆ చేను అలాగే ఉండాలి. నూరు శరత్తులు కోరుకొనే మనం, ఆ నూరింటిలోనూ చూడదగిన శరత్తు మిగిలి ఉండాలని కూడా ఆ తల్లిని వేడుకుందాం. శుభమస్తు.