తాబేలు బతికితే ఎవరికి లాభం? ఖర్చు ఎవరిది?

ఒడిశాలోని గంజాం జిల్లాలో రుషికుల్య నది సముద్రంలో కలిసే చోట, దాదాపు ఏటా ఎండలు మొదలయ్యే వేళకు లక్షల ఆలివ్ రిడ్లీ తాబేళ్లు ఒడ్డుకు వచ్చి గుడ్లు పెడతాయి. ఆ ఒడ్డునే పురుణాబంధ, గోఖర్‌కుడా, పోదంపేట వంటి ఊళ్లలో తరతరాలుగా తెలుగు మాట్లాడే మత్స్యకార కుటుంబాలు ఉన్నాయి. ఒడియావాళ్లు వీరిని నోలియాలంటారు. తాబేళ్లను కాపాడితే దేశానికి మేలని అధికారులు చెబుతూ ఉంటారు. మరి ఆ మేలు రూపాయల్లో ఎంత? దానికి ఖర్చు పెడుతున్నది ఎవరు? ఈ రెండు ప్రశ్నలూ మనవాళ్ల కుండలో కూడుకు సంబంధించినవే కాబట్టి కాస్త వివరంగా చూద్దాం.

చంపితే ఒక ధర

ఒకప్పుడు తాబేలు ధర సంతలోనే తేలిపోయేది. మాంసానికి ఇంత, గుడ్లకు ఇంత. ఒడిశా తీరంలో పట్టిన తాబేళ్లు కలకత్తా బజారుకు వెళ్లేవి. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం ఈ తాబేలును మొదటి షెడ్యూల్‌లో చేర్చాక ఆ వ్యాపారం నేరమైంది. అంటే ఇప్పుడు తాబేలుకు సంతలో ధర లేదు. ధర లేనంత మాత్రాన విలువ లేదని కాదు. వెతుక్కోవాల్సింది ఆ విలువనే.

బతికితే నాలుగు రకాల విలువ

మొదటిది, చూడటానికి వచ్చేవాళ్ల డబ్బు. చంపిన తాబేలు ఒక్కసారే అమ్ముడవుతుంది. బతికున్న తాబేలును ఏళ్ల తరబడి చూడటానికి జనం వస్తారు. ప్రపంచ వన్యప్రాణి నిధి సంస్థ 2004లో వేసిన లెక్కలో, తాబేళ్లను చంపి లేదా గుడ్లు తీసి అమ్మే చోట్లకన్నా, చూపించి సంపాదించే చోట్ల సగటు రాబడి దాదాపు మూడు రెట్లుగా తేలింది. కోస్టారికాలోని టోర్టుగేరోలో 2002లో తాబేళ్ల పర్యాటకం మీద సుమారు 67 లక్షల డాలర్లు వచ్చాయని అదే లెక్క చెబుతోంది.

రెండోది, తాబేలు సముద్రంలో చేసే పని. జెల్లీచేపలు, పీతలు, నత్తలు దీని ఆహారం. జెల్లీచేపలు ఎక్కువైతే వలలు పాడవుతాయి, చేపపిల్లలకు తిండి తగ్గుతుంది. పిగలని గుడ్లు, పెంకులు ఇసుకలో కలిసి ఒడ్డున మొలిచే తీగలకు ఎరువవుతాయి. ఆ తీగలే ఇసుకదిబ్బను పట్టి ఉంచుతాయి. కడలి కోతకు ఇళ్లు పోగొట్టుకున్న పోదంపేటవాళ్లకు దిబ్బ విలువ ఎవరూ చెప్పనక్కర్లేదు. దీనికి రూపాయల్లో లెక్క కట్టడం కష్టం. అదే పనిని రాళ్లగోడతోనో మరో విధంగానో చేయిస్తే ఎంతవుతుందో చూసి అంచనా వేస్తారు.

మూడోది, ఉందన్న తృప్తి. ఎప్పుడూ రుషికుల్య చూడనివాళ్లు కూడా తాబేలు అంతరించకూడదని కోరుకుంటారు. అందుకు ఏటా ఎంత ఇవ్వగలరని సర్వేలు చేసి అడుగుతారు. నోటితో చెప్పిన మొత్తానికీ జేబులోంచి తీసే మొత్తానికీ తేడా ఉంటుంది కాబట్టి ఈ లెక్కను జాగ్రత్తగా వాడాలి.

నాలుగోది వ్యాపారానిది. మన కళ్లకు తేలిగ్గా కనిపించేది ఇదే.

రొయ్యకూ తాబేలుకూ ముడి

తాబేలు ఊపిరితిత్తులతో గాలి పీల్చుకునే జీవి. ట్రాలర్ లాగే వలలో చిక్కితే పైకి రాలేక ఊపిరాడక చస్తుంది. అందుకే వలలో లోహపు కడ్డీల చట్రం ఒకటి, దాని పక్కన బయటికి దారి ఒకటి పెట్టమంటారు. దాన్ని టెడ్ అంటారు. రొయ్యలు కడ్డీల సందుల్లోంచి వల చివరికి పోతాయి. తాబేలు చట్రానికి తగిలి బయటపడుతుంది. కొంత వేట కూడా జారిపోతుందని బోటు యజమానుల భయం.

ఇలాంటి రక్షణ లేని దేశాల నుంచి సముద్రపు రొయ్య కొనకూడదని అమెరికా 1989లో చట్టం చేసింది. భారత్, మలేషియా, పాకిస్తాన్, థాయ్‌లాండ్ ప్రపంచ వాణిజ్య సంస్థలో ఫిర్యాదు చేశాయి. ఉద్దేశం సరైనదేగానీ అమలు చేసిన తీరులో వివక్ష ఉందని 1998లో తీర్పు వచ్చింది. చట్టం మాత్రం పోలేదు. 2019 నుంచి మన దేశపు సముద్రపు రొయ్య అమెరికాకు వెళ్లడం ఆగింది. ఆంధ్రలో చెరువుల్లో పెంచిన రొయ్యకు ఈ అడ్డంకి లేదు. ఒక పెద్ద కొనుగోలుదారు తప్పుకుంటే ఒడ్డున బేరం చేసేవాడి చేయి పైనవుతుంది. తాబేలు చావు ఇలా తిరిగి తిరిగి తూకం దగ్గరికే వస్తుంది.

ఖర్చు వైపు

రుషికుల్య, దేవి, ధామ్రా నదీముఖాల దగ్గర తీరం నుంచి 20 కిలోమీటర్ల వరకు ఏటా నవంబర్ 1 నుంచి మే 31 వరకు వేటపై ఆంక్షలు ఉంటాయి. దీనికితోడు తూర్పు తీరమంతా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం. పెద్ద ట్రాలర్ ఆ హద్దు దాటి ఇంకోచోటికి పోగలదు. ఊరి ముందు వేటాడే చిన్న పడవకు ఇంకోచోటు లేదు.

ఊరికే ఉదాహరణకు ఒక లెక్క వేద్దాం. రోజుకు 500 రూపాయలు మిగిలే ఇంటికి 100 రోజులు వేట పోతే నష్టం 50,000. సాయంగా 15,000 వచ్చిందనుకుంటే మిగతా 35,000 ఆ ఇల్లు తాబేలు కోసం సొంతంగా చెల్లించినట్టే. పర్యాటకుల డబ్బు హోటలుకు, ఎగుమతి డబ్బు కంపెనీకి, తృప్తి దూరాన ఉన్నవాళ్లకు చేరుతుంది. కూడికలో లాభం వచ్చినా పంపకంలో మనవాళ్ల వాటా తక్కువ.

విలువ కట్టడంలో ఇంకో చిక్కుంది. తాబేలుకు ఇంత అని రాసిపెడితే, అంతకన్నా ఎక్కువ తెచ్చే రేవు కడతామని ఎవరైనా ముందుకు రావచ్చు. కాబట్టి ఈ అంకె అమ్మకపు ధర కాకూడదు. సాయం ఎంత ఇవ్వాలో, ఎవరికివ్వాలో తేల్చే కొలబద్ద కావాలి. రుషికుల్యలో గూళ్లకు కాపలా కాసి, పిల్లల్ని సముద్రానికి చేర్చే స్థానిక యువకుల శ్రమను కూడా ఆ లెక్కలో రాయాలి. ఇప్పటివరకు అందులో చాలా భాగం ఉచితంగానే జరుగుతోంది.

తీరంలో ఉన్నవాళ్లు ఇప్పుడే చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. తెడ్డు పడవకు, ఇంజను పడవకు, ట్రాలర్‌కు నియమాలు వేరువేరు. మీ పడవకు ఏది వర్తిస్తుందో ఆ ఏటి మత్స్యశాఖ ఉత్తర్వులో చూసుకోండి. పడవ రిజిస్ట్రేషన్, మత్స్యకారుల గుర్తింపు కార్డు, బ్యాంకు ఖాతా ఒకే పేరుతో, ఒకే అక్షరాలతో ఉన్నాయో లేదో సరిచూసుకోండి. ఒకదానిలో తెలుగు ఇంటిపేరు, మరోదానిలో ఒడియా పలుకుబడి ఉంటే సాయం దగ్గర చిక్కులు రావచ్చు. వేట లేని రోజుల్లో పోయిన రాబడిని నోటుపుస్తకంలో తేదీలతో రాసిపెట్టండి. సాయం పెంచమని అడిగేటప్పుడు ఊరి పెద్దల మాటకు ఆ పుస్తకం బలమవుతుంది.