చెరువు నీటిలో పెరిగే క్షారం

గోదావరి డెల్టా నీటిని నమ్ముకున్న సీమ. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన నాటినుండి ఈ నేల వరికి పుట్టినిల్లయింది. గడచిన కొన్ని దశాబ్దాలలో భీమవరం, ఉండి, ఆకివీడు ప్రాంతాలలో వరిచేలు అనేకం చేపల చెరువులుగా, రొయ్యల చెరువులుగా మారాయి. మన కళాశాలకు వచ్చే విద్యార్థులలో అటువంటి చెరువులను కౌలుకు చేసే కుటుంబాల పిల్లలు లేకపోలేదు.

నిరుడు వేసవిలో అట్టి విద్యార్థి ఒకడు సీసాలో నీరు పట్టుకొని వచ్చాడు. వారి చెరువు నీరు చిక్కని పచ్చరంగుకు తిరిగిందట. నీరు శుభ్రపడుతుందని తండ్రి మిట్టమధ్యాహ్నం సున్నం చల్లించాడట. తెల్లవారేసరికి రొయ్యలు చచ్చి గట్టుకు కొట్టుకు వచ్చాయి. మా రసాయనశాస్త్ర అధ్యాపక మిత్రులు ఆ నీటిని పరీక్షించగా పి.హెచ్. ఎనిమిదికి లోపుగానే ఉన్నది. "నీటిలో దోషం లేదు కదా సార్, మరి రొయ్యలు ఎందుకు చచ్చాయి?" అని అతడు అడిగాడు. తెలుగు బోధించే నాకు సమాధానం తోచలేదు. మిత్రుల వద్ద అడిగి తెలుసుకొన్న విషయాన్నే ఇక్కడ విన్నవిస్తున్నాను.

నీటిలోని ఆమ్ల, క్షార గుణాలను కొలిచే పి.హెచ్. మానాన్ని 1909లో కోపెన్‌హాగెన్ నగరంలో సోరెన్‌సెన్ అనే శాస్త్రజ్ఞుడు రూపొందించాడు. ఏడు తటస్థం; అంతకు తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం. ఒక్క అంకె పెరిగితే క్షారగుణం పదింతలు పెరిగినట్లు. క్షారాన్ని ఆంగ్లంలో ఆల్కలీ అంటారు. మొక్కలను కాల్చగా వచ్చిన బూడిదను తెలిపే అరబ్బీ పదంనుండి ఆ మాట పుట్టింది.

చెరువులో క్షారం పెరగడానికి ముఖ్యకారణం కంటికి కనబడని పచ్చని నాచు. పగటివేళ అది ఎండ సాయంతో నీటిలోని బొగ్గుపులుసు వాయువును గ్రహిస్తుంది. ఆ వాయువు నీటిలో స్వల్పమైన ఆమ్లంగా పనిచేస్తుంది కనుక, అది తరిగినకొద్దీ పి.హెచ్. పెరుగుతుంది. రాత్రివేళ నాచు, రొయ్యలు, సూక్ష్మజీవులు అన్నీ ఆ వాయువును విడుస్తాయి; పి.హెచ్. దిగుతుంది. అందుచేత ఒకే చెరువులో వేకువన ఒక లెక్క, మూడవ జామున మరొక లెక్క. మూత బిగించిన సీసాలో, నీడలో, బస్సులో ప్రయాణించిన నీరు మధ్యాహ్నపు స్థితిని చెప్పజాలదు. మన విద్యార్థి ప్రశ్నకు సగం సమాధానం ఇదే.

మిగిలిన సగం అమ్మోనియా. తినగా మిగిలిన మేత, విసర్జనలు కుళ్ళి అది పుడుతుంది. పి.హెచ్. ఏడు ఉన్నప్పుడు అందులో విషరూపం నూటికి ఒక పాలు కూడ ఉండదు. ఎనిమిదికి సుమారు అయిదు పాళ్ళు, తొమ్మిదికి సుమారు ముప్పదియైదు పాళ్ళు అవుతుంది. నీరు వేడెక్కితే ఇంకా ఎక్కువ. అసలే క్షారం హెచ్చిన మధ్యాహ్నవేళ సున్నం చల్లడమంటే, ఉన్న అమ్మోనియాను విషంగా మార్చడమే. ఆ నష్టానికి ఇదొక్కటే కారణమని చెప్పలేము. కాని ఇది పెద్ద కారణమై ఉండవచ్చును.

రొయ్యల చెరువుకు ఏడున్నర నుండి ఎనిమిదిన్నర వరకు అనుకూలం. ఉదయానికీ మధ్యాహ్నానికీ భేదం అరకు మించరాదు. మించితే ముందుగా మేత తగ్గించాలి. మంచినీరు దొరికితే కొంత నీరు మార్చాలి. బెల్లపు మడ్డి చల్లితే సూక్ష్మజీవులు వృద్ధిచెంది బొగ్గుపులుసు వాయువును విడుస్తాయి. కాని అవి ప్రాణవాయువును వాడుకొంటాయి గనుక ఏరేటర్లు తిరుగుతూ ఉండవలెను. ఆమ్లం పోస్తే పి.హెచ్. వెంటనే దిగుతుంది గాని, ఒడుదుడుకులను తట్టుకొనే శక్తిని నీరు కోల్పోతుంది. మరునాటి ఎండకు మళ్ళీ ఎగబ్రాకుతుంది.

ఇంటి తొట్లకు, ఈతకొలనులకు, మసీదు హౌజులకు కూడ ఈ జ్ఞానం పనికివస్తుంది. కొత్త సిమెంటు తొట్టిలో గోడలనుండి సున్నం ఊరి నీరు క్షారమవుతుంది. నాలుగైదుసార్లు నింపి వదిలివేయాలి. క్షారం పెరిగిన నీటిలో బ్లీచింగు పౌడరు బలం తగ్గుతుంది. పి.హెచ్. ఏడున్నర వద్ద క్రిములను చంపే క్లోరిన్ రూపం సగముంటే, ఎనిమిదిన్నర వద్ద సుమారు పదవవంతే మిగులుతుంది. అందుకే ఈతకొలను నీటిని ఏడూ రెండు నుండి ఏడూ ఎనిమిది దశాంశాల నడుమ ఉంచుతారు.

కళాశాల కమిటీ పెద్దలకు ఒక మనవి. చెరువులున్న గ్రామాలనుండి వచ్చే విద్యార్థులకు ప్రయోగశాల తరఫున పరీక్షా కాగితాలు ఇప్పించండి. ఖర్చు స్వల్పం. నీటిని కళాశాలకు తేవడం కన్న, పరీక్షను గట్టుమీదికి తీసుకొనిపోవడం మేలు. ఆ విద్యార్థి ఇప్పుడు ప్రతిదినం వేకువన ఒకసారి, మధ్యాహ్నం మూడు గంటలకు తమ్మునిచేత మరొకసారి కొలిపించి నోటు పుస్తకంలో వ్రాస్తున్నాడు. ఆ పుస్తకం చూడనిదే తండ్రి సున్నపు బస్తా విప్పడం లేదట.