కార్ల మాటలకు అడ్డు తగిలేదెవరు?

ముందు కారు బ్రేకు వేసిన సంగతి మన కంటబడేలోపే మన కారుకు తెలియాలి. వాహనాల మధ్య వైర్‌లెస్ సంభాషణ పుట్టింది అందుకే. ప్రతి బండీ తానెక్కడున్నదీ, ఎంత వేగంతో ఎటు పోతున్నదీ, బ్రేకు నొక్కిందీ లేనిదీ సెకనుకు సుమారు 10 సార్లు 5.9 గిగాహెర్ట్జ్ తరంగాలపై చుట్టూ ఉన్న అందరికీ చెబుతుంది. మరి ఆ మాట ఎందుకు అందకుండా పోతుంది?

బయటి రొద కంటే సాటి కార్ల మాటలే ఎక్కువ అడ్డు. 802.11పి అనే పద్ధతిలో ప్రతి కారూ ముందు విని, చానల్ ఖాళీగా ఉంటేనే పంపుతుంది. ఈ ఏర్పాటు కూడలి దగ్గర దెబ్బతింటుంది. మూల మీద పెద్ద భవనం ఉందనుకోండి. తూర్పు రోడ్డులో ఒక కారు, ఉత్తరపు రోడ్డులో ఇంకొకటి వస్తున్నాయి. గోడల వల్ల ఒకదాని సిగ్నల్ మరొకదానికి చేరదు. ఖాళీయే కదా అని రెండూ ఒకేసారి పంపుతాయి. కూడలిలో ఉన్న మూడో కారుకు రెండూ కలగాపులగంగా చేరతాయి, ఏదీ అర్థం కాదు. హెచ్చరిక అత్యవసరమైన చోటే ఇలా జరగడం నన్ను కలవరపెడుతుంది. పైగా ఇవి అందరినీ ఉద్దేశించిన సందేశాలు, అందినట్టు ఎవరూ జవాబివ్వరు. మాట పోయిందని పంపిన కారుకు తెలిసే దారే లేదు.

ఇంకో పద్ధతి సెల్యులార్, అందులో చిక్కు వేరు. కారు ఒక సమయాన్ని ఎంచుకుని కొంతసేపు అదే వాడుతుంది. రెండు కార్లు ఒకే సమయాన్ని ఎంచుకుంటే వాటి సందేశాలు వరసగా ఢీకొంటూనే ఉంటాయి. పంపుతున్నప్పుడు వినలేవు కాబట్టి ఆ రెండింటికీ ఒకదాని సంగతి ఒకదానికి తెలియదు.

ఒక్క సందేశం పోతే ఏమవుతుంది? గంటకు 100 కిలోమీటర్ల వేగంలో కారు తర్వాతి సందేశం వచ్చేలోగా దాదాపు 3 మీటర్లు ముందుకెళ్తుంది. అంతవరకు ఫర్వాలేదు. వరసగా అయిదు పోతే 14 మీటర్లు.

ఇక బయటి రొద. అమెరికాలో 1999లో వాహనాల కోసం 75 మెగాహెర్ట్జ్ కేటాయించారు. 2020లో అందులో 45 మెగాహెర్ట్జ్ వైఫైకి ఇచ్చి 30 మాత్రమే మిగిల్చారు. రవాణా శాఖ అభ్యంతరం చెప్పింది, అది న్యాయమైనదే. పక్క బ్యాండ్ నుంచి కొంత శక్తి ఇటు చిందుతుంది. కారులోనే ఉన్న వైఫై పరికరం యాంటెన్నాకు మరీ దగ్గర, దూరపు కారు సిగ్నలేమో బలహీనం.

ఈ అడ్డంకులను ఎలా తట్టుకుంటారు? రద్దీ పెరిగితే కార్లు తక్కువసార్లు, తక్కువ శక్తితో పంపుతాయి. హఠాత్తుగా బ్రేకు వేసిన వార్తకు మాత్రం ముందు దారి ఇస్తాయి. సందేశం రాకపోతే వినే కారు చివరిగా తెలిసిన వేగం, దిశలను బట్టి అవతలి బండి ఎక్కడుండి ఉంటుందో లెక్కకడుతుంది. నేరుగా పోయే బండి విషయంలో ఆ లెక్క కాసేపు నిలుస్తుంది. ఈలోగా అవతలి డ్రైవరు బ్రేకు నొక్కితే నిలవదు.