కొత్త బల్ల కింద తెల్లని పిండి

కొత్తగా కొన్న మంచం కాళ్ల దగ్గర పౌడరులాంటి మెత్తని పిండి రాలిందనుకోండి. ఊడ్చేస్తాం. మూడోనాడు మళ్లీ అక్కడే ఉంటుంది. వంగి చూస్తే చెక్కలో గుండుసూది తలంత చిల్లులు! "అయ్యో, చెదలు పట్టాయి" అని కంగారుపడతాం.

అది చెద కాదండీ. చెదైతే మట్టిబాట కడుతుంది. ఇది కొయ్యను తొలిచే చిన్న పెంకుపురుగు. కొత్త సామానులో కనిపిస్తే, చాలావరకు సామానుతోపాటే వచ్చిందన్నమాట.

ఎలాగంటారా? తల్లిపురుగు పాలిష్ పెట్టని చెక్క సందుల్లో గుడ్లు పెడుతుంది. పిల్లపురుగు లోపలే ఉండి, చెక్కలోని పిండిపదార్థం తింటూ నెలల తరబడి గడుపుతుంది. ఈలోగా ఆ చెక్క కుర్చీ అవుతుంది, వార్నిషు పూయించుకుంటుంది, ఓడెక్కుతుంది. పెరిగిన పురుగు మనింటికొచ్చాక వార్నిషును కూడా తొలుచుకుని బయటపడుతుంది. మనం చూసే చిల్లు అది లోపలికి పోయిన దారి కాదు, బయటికొచ్చిన దారి.

చేవ ఉన్న టేకును ఇది ముట్టదు. చేవలేని తెల్లచెక్క, వెదురు, మలేషియా వంటి దేశాల నుంచి వచ్చే రబ్బరు చెక్క దీనికి ఇష్టం. రబ్బరు చెక్క చెడ్డదని కాదు. కోసిన వెంటనే బోరాన్ మందు పట్టిస్తే నిక్షేపంగా ఉంటుంది. కొనేటప్పుడే ఆ మాట అడిగి బిల్లు మీద రాయించుకోండి.

"పెట్టె మీద గోధుమకంకి ముద్ర ఉందిగా" అంటారేమో! దానికో కథ ఉంది. 1996లో న్యూయార్కులో మరో జాతి పురుగు బయటపడింది. చైనా ప్యాకింగు చెక్కలో వచ్చిందని భావిస్తారు. అది పచ్చని చెట్లనే తినేది కావడంతో అమెరికాలో వేలాది చెట్లు నరకాల్సి వచ్చింది. 2002లో వచ్చిన అంతర్జాతీయ నిబంధన ప్రకారం ప్యాకింగు చెక్కను లోపలిదాకా 56 డిగ్రీల వేడిలో 30 నిమిషాలు ఉంచాలి, లేదా విషవాయువు పట్టించాలి. ఆ ముద్ర దానికి గుర్తు. కాని అది పెట్టెకే. లోపలి బల్లకు కాదు.

పిండి కనిపిస్తే తుడిచేసి, కింద నల్లకాగితం పరచండి. సామాను కదపకపోయినా మళ్లీ రాలుతుంటే పురుగు బతికే ఉందనుకోవచ్చు. బొమ్మల్లాంటి చిన్నవాటిని పాలిథిన్ సంచిలో బిగించి, మైనస్ 18 డిగ్రీల డీప్ ఫ్రీజరులో రెండు వారాలు ఉంచండి. మంచాలు, బల్లలైతే వెంటనే దుకాణదారుకు చూపించి మార్పించుకోండి. కిరసనాయిలు మాత్రం పూయకండి: పాలిష్ దాటి లోపలికి పోదు, నిప్పు భయం మాత్రం ఉంటుంది.

ఈసారి బల్ల కొనేటప్పుడు పైమెరుపుతోపాటు తిరగేసి అడుగు కూడా చూడండి. చాలా బల్లలకు అక్కడ పాలిష్ ఉండదు. ఇంటికి తెచ్చాక ఆ అడుక్కి ఒక పూత వార్నిషు వేయిస్తే, మరో తల్లిపురుగుకు గుడ్లు పెట్టే చోటు దొరకదు.